ప్రాజెక్ట్ రిపోర్ట్ రాస్తున్నారా? కాపీ అనిపించుకోకుండా, ఏఐ వాడిన సంగతి దాచుకోకుండా రాయడం ఎలా

నా ఎం.టెక్ థీసిస్‌లో కాపీ ఎంతుందో మొదటిసారి లైబ్రరీలో సాఫ్ట్‌వేర్‌తో చెక్ చేయించినప్పుడు, వేరేవాళ్ల రాతలతో పోలిక 38 శాతం వచ్చింది. సబ్మిషన్‌కి ఇంకా పది రోజులుంది. ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని, రిపోర్టులో రంగు పడ్డ ప్రతి వాక్యం దగ్గరా వర్డ్‌లో రైట్ క్లిక్ కొట్టడం, అది చూపించిన పదాల్లో ఏదో ఒకటి పెట్టేయడం, ఇదే పని. తెల్లారేసరికి 17కి దిగింది. టీ తాగి ఏదో గెలిచొచ్చినట్టు గైడ్ రూముకి వెళ్లాను. ఆయన రెండో చాప్టర్ తిరగేసి ఒకచోట వేలు పెట్టి, "ఏమయ్యా, ఈ హస్కీ క్లాసిఫయర్ ఏంటి? కుక్కపిల్లా?" అన్నారు. క్లాసిఫయర్ అంటే డేటాని రకాలుగా వేరుచేసే ప్రోగ్రామ్, దాని ముందున్న రోబస్ట్ (దృఢమైన) అన్న మాటకి వర్డ్ ఇచ్చిన పదం హస్కీ, అదొక కుక్కజాతి పేరు కూడా. నవ్వేసి ఊరుకుంటారేమో అనుకున్నా, "పోనీ అసలు పేపర్లో రోబస్ట్ అని ఎందుకన్నాడో అదైనా చెప్పు" అన్నారు. చెప్పలేకపోయాను. శాతం ఎంతొచ్చిందని ఆయన అసలు అడగనే లేదు.

ఇప్పుడు నేను టేబుల్‌కి అటువైపు కూర్చుంటున్నాను, ఏటా కొన్ని బ్యాచ్‌ల రిపోర్టులు నా చేతిమీదుగా వెళ్తాయి. 2022 నవంబరు ఆఖర్లో చాట్‌జీపీటీ వచ్చాక రైట్ క్లిక్ కొట్టే శ్రమ కూడా పోయింది. నేను అడిగేది మాత్రం మా గైడ్ అడిగిందే: ఇది నోటితో చెప్పగలవా? కింద చెప్పే పనులన్నీ ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పగలిగేలా రిపోర్టు రాసుకోవడం గురించి. శాతం తగ్గించే చిట్కాల కోసం వచ్చినవాళ్లకి ఇక్కడ పెద్దగా ఏమీ దొరకదు.

ముందు రూల్ చదవండి, సీనియర్ చెప్పింది కాదు

"పది శాతం లోపుంటే చాలు" అని ప్రతి హాస్టల్లోనూ వినిపిస్తుంది. సగం నిజం. దేశంలో యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, దానికిచ్చే గడువు ఆరు నెలలకి మించదు. 40 దాటి 60 దాకా వెళ్తే ఏడాదిపాటు మళ్లీ సబ్మిట్ చేయనివ్వరు. 60 దాటితే ఆ కోర్సులో రిజిస్ట్రేషనే రద్దు. డిగ్రీ చేతికొచ్చాక బయటపడినా వదలరు, ఆ డిగ్రీని పక్కన పెట్టే అధికారం కూడా అందులోనే ఉంది. ఈ శిక్షలు రాసింది పీజీ, పీహెచ్‌డీ వాళ్లకి. బీటెక్ వాళ్లకి కాలేజీ సొంత రూలు ఏది ఉంటే అది.

చాలామంది చదవని ముక్క ఇంకోటుంది. అబ్‌స్ట్రాక్ట్, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు, సిఫార్సులు, వీటిలో అసలు పోలికే ఉండకూడదు అని ఆ నిబంధనల్లోనే ఉంది. అందరూ వాడే మాటలు, కాకతాళీయంగా కలిసే పదాలు వరసగా 14 దాకా ఉంటే లెక్కలోకి తీసుకోరు. రిఫరెన్సుల జాబితా, విషయసూచిక, కృతజ్ఞతలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు కూడా లెక్కలోకి రావు. అంటే మొత్తం మీద 9 శాతమే వచ్చినా, ఆ 9 మీ రిజల్ట్స్ చాప్టర్లోనే కుప్పపడి ఉంటే ఇబ్బందే. అదే 14 శాతం వచ్చినా అందులో ఎక్కువభాగం సరిగ్గా కోట్ చేసిన వాక్యాలైతే గైడ్ మీ తరఫున మాట్లాడగలరు.

ఏఐ సంగతి ఆ నిబంధనల్లో వెతక్కండి, చాట్‌జీపీటీ పుట్టకముందు రాసినవి అవి. కాబట్టి మీ డిపార్ట్‌మెంటులో ఏం ఒప్పుకుంటారో మీరే అడగాలి. నోటిమాటగా కాదు, మెయిల్లో. నాలుగు లైన్లు చాలు: "సార్, గ్రామర్ సరిచూసుకోవడానికి, కోడ్‌లో ఎర్రర్ పట్టుకోవడానికి ఏఐ వాడొచ్చా? రిపోర్టులో ఆ సంగతి ఎక్కడ రాయాలి?" జవాబొస్తే దాచుకోండి. మనిషి మారినా మెయిల్ ఉంటుంది.

నోట్స్ దగ్గరే సగం తప్పు జరిగిపోతుంది

కావాలని దొంగతనం చేసేవాళ్లు నాకు తక్కువగా కనిపించారు. ఎక్కువగా జరిగేది ఇది: ఇరవై పేపర్లు డౌన్‌లోడ్ చేసి, బాగున్న వాక్యాలన్నీ "లిట్ సర్వే ఫైనల్ 2" అనే ఫైల్లో అతికించుకుంటారు (లిట్ సర్వే, అంటే లిటరేచర్ సర్వే, ఆ అంశం మీద ఇంతకుముందు వచ్చిన పని గురించి రాసే భాగం). మూడు వారాలు ఇంటర్నల్స్ గొడవలో పడతారు. తిరిగొచ్చి ఆ ఫైల్ తెరిస్తే ఏ వాక్యం ఎవరిదో, ఏది మీరు రాసుకున్నదో దేవుడికే తెలియాలి. అప్పుడు అన్నీ మీవే అయిపోతాయి.

దీనికి మందు చాలా చవక. వేరేవాళ్ల వాక్యం అతికించిన ఆ నిమిషంలోనే దానికి ఎర్ర రంగు వేయండి, పక్కనే రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరు రాయండి. మీ మాట నల్లరంగులో ఉండాలి. ఏఐ చెప్పిన ముక్క ఏదైనా దాచుకుంటే నీలం, దాని పక్కన తేదీ, మీరడిగిన ప్రశ్న. రిపోర్టులోకి నల్లరంగు తప్ప ఏదీ నేరుగా వెళ్లకూడదు. ఎర్రది వెళ్లాలంటే కోట్స్‌లో, పేరు చెప్పుకుని వెళ్లాలి. నీలం అయితే ముందు అది నిజమో కాదో వేరేచోట చూసుకోవాలి. జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, రిఫరెన్సులన్నీ అది చూసుకుంటుంది, మొదటివారమే పెట్టుకోండి. ఆఖరి రాత్రి 40 రిఫరెన్సులు చేత్తో కొట్టడంకన్నా ల్యాబ్ రికార్డు రాసుకోవడం నయం.

సొంత మాటల్లో రాయడం అంటే

ఒక పేపర్లో ఈ వాక్యం ఉందనుకోండి (ఉదాహరణకి నేనే రాశాను): "గ్రామంలో బోర్లు ఎండిపోవడానికి ప్రధాన కారణం బోర్ల సంఖ్య పెరగడం కాదు, అన్ని బోర్లూ ఒకే లోతులోని జలపొర నుంచి నీటిని తోడటం."

రివ్యూకి వచ్చే బ్యాచ్‌లు దాన్ని ఇలా మారుస్తాయి: "పల్లెలో బోరుబావులు ఇంకిపోవడానికి ముఖ్య హేతువు బోరుబావుల లెక్క హెచ్చడం కాదు, సకల బోరుబావులూ సమాన లోతులోని జలస్తరం నుంచి నీరు లాగడం." పదం పదం మారింది, ఎముకలగూడు అదే. సాఫ్ట్‌వేర్ ఒకవేళ పట్టుకోకపోయినా ఇది కాపీయే. చివర్లో బ్రాకెట్లో నంబరు పెట్టినా కాపీయే, ఎందుకంటే ఆలోచన వాళ్లదని చెప్పారు కానీ వాక్యం మీదన్నట్టు నటించారు.

ఇప్పుడు పేపర్ మూసేయండి. నిజంగానే మూసేయండి, ల్యాప్‌టాప్ మూత దించండి. రూమ్మేట్‌కి ఫోన్ చేసి చెబుతున్నట్టు అనుకుని, ఆ పేపరు ఏం కనిపెట్టిందో రెండు మాటల్లో చెప్పండి. "వీళ్లేమంటారంటే, బోర్లు ఎన్నున్నాయన్నది కాదు, ఎంత లోతుకి వేశారన్నదే సమస్య అంటున్నారు. కానీ వీళ్లు చూసింది ఒక్క ఊరే." దాన్నే కాగితం మీద పెట్టండి: "బోర్ల సంఖ్యకన్నా లోతే కీలకమని ఈ అధ్యయనం వాదిస్తుంది [7]. అయితే వీరి సర్వే ఒక్క గ్రామానికే పరిమితం, మా పనిలో మూడు గ్రామాలను పోల్చాం." ఆ రెండో వాక్యం ఉంది చూశారా, అది ఏ పేపర్లోనూ దొరకదు. లిటరేచర్ సర్వే అంటే అసలు అదీ.

పారాఫ్రేజ్ టూల్స్ (వాక్యంలో మాటలు మార్చి ఇచ్చేవి) గురించి ఒక్క మాట. 2021లో కొందరు పరిశోధకులు ప్రచురితమైన పేపర్లను జల్లెడ పడితే వింత ఇంగ్లిష్ బోలెడు బయటపడింది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనాల్సిన చోట కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ అని ఉంది, అంటే దొంగ చైతన్యం. బ్రెస్ట్ క్యాన్సర్‌కి బూజమ్ పెరిల్, అంటే ఎద గండం. కాపీ దొరక్కుండా మెషీన్‌తో మాటలు మార్పించడం వల్లే ఇలా అయిందని వాళ్ల అనుమానం. నా హస్కీ క్లాసిఫయర్ ఒంటరి కాదని అప్పుడు తెలిసి కొంచెం ఊరట కలిగింది.

బొమ్మల గురించి కూడా చెప్పేస్తాను. "సోర్స్: గూగుల్" అనేది సోర్స్ కాదు. గూగుల్ ఆ బొమ్మ గీయలేదు. ఎవరి పేపర్లోదో వాళ్ల పేరు రాయండి, లేదంటే మీరే గీసుకోండి. గీస్తే వైవాలో (నోటి పరీక్షలో) ఆ బ్లాక్ డయాగ్రమ్ బోర్డు మీద వేయమన్నప్పుడు చెయ్యి వణకదు.

ఏఐని ఏం అడగాలి, ఏం అడగకూడదు

"నా ప్రాజెక్టుకి పది రిఫరెన్సులతో లిటరేచర్ సర్వే రాసిపెట్టు" అని అడిగితే అది రాసిపెడుతుంది. పేర్లు ఉంటాయి, సంవత్సరాలు ఉంటాయి, జర్నల్ పేరు కూడా నమ్మేలా ఉంటుంది. వాటిలో కొన్ని పేపర్లు భూమ్మీద లేకపోవచ్చు. అది అబద్ధమాడాలని ఆడదు, తర్వాత ఏ పదం వస్తే బాగుంటుందో అల్లుకుంటూ పోవడమే దాని పని. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఒక విమాన సంస్థ మీద వేసిన కేసులో చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులు కోర్టుకి సమర్పిస్తే, ఆ తీర్పులు ఎక్కడా లేవని తేలి 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆ తీర్పులు నిజమేనా అని వాళ్లలో ఒక లాయరు అడిగింది మళ్లీ చాట్‌జీపీటీనే. మన పిల్లలూ అదే చేస్తారు: "ఈ రిఫరెన్స్ నిజమేనా?" అని దాన్నే అడుగుతారు, నిజమే అంటుంది.

కాబట్టి ప్రతి రిఫరెన్సూ ఇలా చూడండి. టైటిల్‌ని కోట్స్‌లో పెట్టి గూగుల్ స్కాలర్‌లో (పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ సైట్) వెతకండి. డీఓఐ నంబరు (పేపరుకిచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) ఉంటే దాన్ని డీఓఐ సైట్లో వేసి ఏ పేపర్ తెరుచుకుంటుందో చూడండి, ఒక్కోసారి డీఓఐ నిజమైనదే అయినా వేరే ఎవరిదో పేపర్ వస్తుంది. తెరుచుకున్నాక అబ్‌స్ట్రాక్ట్‌తో ఆగకుండా, మీరు చెబుతున్న ముక్క అందులో ఏ పేజీలో ఉందో పట్టుకోండి. ఇదే అసలు కష్టమైన భాగం, ఎందుకంటే పేపరు నిజమైనదై, ఏఐ దానికి అంటగట్టిన మాట మాత్రం అందులో లేకపోవడం నేను చాలాసార్లు చూశాను. పేజీ దొరక్కపోతే ఆ వాక్యం తీసేయండి. తెరవని పేపరు రిఫరెన్సుల్లో ఉండకూడదు, అంతే.

మరి ఏం అడగొచ్చు? మా డిపార్ట్‌మెంట్లో నేను ఒప్పుకునేవి కొన్ని. "ఈ సమీకరణంలో రెండో పదం ఎందుకొచ్చిందో ఇంటర్ స్థాయిలో చెప్పు." "ఇది నేను రాసిన పేరా, తిరగరాయొద్దు, తర్కం ఎక్కడ తెగిందో మాత్రం చెప్పు." "నువ్వు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అనుకో, ఈ అబ్‌స్ట్రాక్ట్ చదివి నన్ను పది ప్రశ్నలడుగు." ఈ చివరిది చాలా బాగా పనిచేస్తుంది, వైవాకి ముందు వారం రోజూ ఒకసారి చేయండి. వీటన్నిటిలోనూ రాసేది మీరే, అది అడిగేది, వివరించేది మాత్రమే.

ఇంగ్లిష్ భయం ఉన్నవాళ్లకి విడిగా చెప్పాలి, ఎందుకంటే పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలే ఎక్కువగా మొత్తం పేరాలు ఏఐ చేత రాయిస్తున్నారు, విషయం తెలియక కాదు, ఇంగ్లిష్‌లో తప్పులు పోతాయన్న టెన్షన్‌తో. మీరు ముందు తెలుగులోనే రాసుకోండి, లేదా మనం మాట్లాడుకునే కలగాపులగం భాషలో రాసుకోండి. తర్వాత వచ్చిన ఇంగ్లిష్‌లో మీరే మార్చండి, తప్పులుంటే ఉండనివ్వండి. అప్పుడు ఒక్కో వాక్యం ఏఐకి ఇచ్చి, "గ్రామర్ తప్పు మాత్రమే సరిచెయ్, పదాలు మార్చకు, ఏం మార్చావో చెప్పు" అనండి. మొత్తం చాప్టర్ ఒకేసారి ఇస్తే అది మీ గొంతు తీసేసి దాని గొంతు పెడుతుంది. ఇంకో సంగతి, తెలుగు వ్యాసం ఒకదాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదింపజేసి మీదిగా పెట్టుకుంటే అదీ కాపీయే, భాష మారినంత మాత్రాన సొంతదారు మారడు.

ఏఐకి అతికించకూడనివి: సర్వేలో జనం ఇచ్చిన ఫోన్ నంబర్లు, ఆసుపత్రి రికార్డులు, గైడ్ రివ్యూకి తెచ్చుకున్న వేరేవాళ్ల పేపరు, స్నేహితుడి అచ్చుకాని రిజల్ట్స్. అవి మీవి కావు కాబట్టి ఇచ్చే హక్కూ మీకు లేదు.

కోడ్ సంగతి

అమీర్‌పేట వెళ్లి ప్రాజెక్టు కొనుక్కొచ్చి, కోడ్‌తోపాటు రిపోర్టు, పీపీటీ కూడా పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునే అలవాటు మనకి కొత్త కాదు. ఇప్పుడు ఆ పని ఏఐ చేస్తోంది. వేరియబుల్ పేర్లు మారిస్తే దొరకదనుకోకండి, 1994లో మొదలైన మాస్ అనే ప్రోగ్రామ్ పేర్లు పట్టించుకోదు, కోడ్ నిర్మాణాన్నే పోలుస్తుంది. గిట్‌హబ్ (జనం కోడ్ పంచుకునే సైట్) నుంచి తీసుకుంటే లైసెన్సు చదవండి, ఫైల్ పైన కామెంట్‌లో లింకు పెట్టండి. ఏఐ రాసిన ఫంక్షన్ ఉంటే అదీ కామెంట్‌లో రాయండి. తర్వాత ఏదో ఒక లైను తీసేసి ప్రోగ్రామ్ ఎందుకు ఆగిపోయిందో మీకు మీరు చెప్పుకోండి. చెప్పలేని ఫంక్షన్ సబ్మిట్ చేయొద్దు. బ్యాచ్‌లో నలుగురూ చెప్పగలగాలి, "కోడింగ్ మావాడు చూసుకున్నాడు సార్" అన్న మాట దగ్గరే మార్కులు జారిపోతాయి.

చెక్ చేయించేటప్పుడు

ఊరూపేరూ లేని ఉచిత సైట్లలో థీసిస్ ఎక్కించకండి, అది ఎక్కడ ఆగుతుందో మీకు తెలియదు. లైబ్రరీలోనే చేయించండి. అక్కడ కూడా ఒక జాగ్రత్త: డ్రాఫ్ట్ చెక్ చేసేటప్పుడు దాన్ని రిపాజిటరీలో (సాఫ్ట్‌వేర్ పోల్చడానికి దాచుకునే నిల్వలో) దాచొద్దని లైబ్రేరియన్‌కి ముందే చెప్పండి. ఒకసారి దాచితే, రెండోసారి చెక్‌లో మీ థీసిస్ మీ థీసిస్‌తోనే కలిసి 90లు కనిపిస్తాయి. మా స్కాలర్ ఒకామె ఆ అంకె చూసి ఏడ్చేసింది పాపం, తర్వాత అది తొలగించమని రాసుకోవడానికి వారం పట్టింది.

రిపోర్టు చేతికొచ్చాక పైన ఉన్న అంకె చూసి మూసేయకండి. ఒక్కో రంగూ దేనితో కలిసిందో చూడండి. మెథడ్ పేర్లు, డేటాసెట్ వివరణ లాంటివి కలిస్తే కంగారు లేదు. వరసగా నాలుగైదు లైన్లు ఒకే పేపర్‌తో కలిస్తే అక్కడ మళ్లీ మూత దించి చెప్పుకోవాలి. అక్షరాల మధ్య తెల్లరంగు చుక్కలు పెట్టడం, పేరాని బొమ్మగా మార్చి అతికించడం లాంటి తెలివితేటలు వద్దు, అలాంటివి పట్టే సాఫ్ట్‌వేర్ వచ్చేసింది. దొరికితే పొరపాటైందని చెప్పుకునే వీలు కూడా ఉండదు.

ఏఐ రాసిందా లేదా చెప్పే డిటెక్టర్ల కథ వేరు. చాట్‌జీపీటీ చేసిన కంపెనీయే తన సొంత డిటెక్టర్‌ని, కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జులైలో ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లకి ఇస్తే, సగటున సగానికి పైగా ఏఐ రాసినవని తప్పుగా తేల్చాయి. అంటే సాదాసీదా ఇంగ్లిష్‌లో రాసే మనలాంటివాళ్లకే దెబ్బ ఎక్కువ. అందుకని ఏఐ రాతని మనిషి రాతలా మార్చే హ్యూమనైజర్ టూల్స్ వెంట పడకండి, అవి మళ్లీ హస్కీ క్లాసిఫయర్లే తయారుచేస్తాయి. దానికి బదులు మొదటిరోజు నుంచీ గూగుల్ డాక్స్‌లోనో ఓవర్‌లీఫ్‌లోనో రాయండి, ఎప్పుడేం రాశారో చూపే వెర్షన్ హిస్టరీ దానంతటదే పెరుగుతుంది. రంగుల నోట్స్ ఫైల్ ఉంచండి. ఏఐతో జరిపిన సంభాషణలు చెరపకండి. ఎవరైనా అనుమానిస్తే వాదించొద్దు, ఇవి తెరిచి చూపించి, "ఏ పేరా అయినా అడగండి, చెబుతాను" అనండి.

అమెరికాలో ఎం.ఎస్. చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని ఇంకాస్త సీరియస్‌గా తీసుకోవాలి. ఇక్కడ రికార్డులు పంచుకున్నట్టు అక్కడ అసైన్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడితే ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ కమిటీ ముందు నిలబడతారు. సస్పెండ్ అయితే చదువు ఆగడంతో పోదు, ఎఫ్-1 స్టేటస్ (విద్యార్థి వీసా) కూడా ప్రమాదంలో పడుతుంది. ప్రతి సబ్జెక్టు సిలబస్ కాగితంలో ఏఐ గురించి ఒక పేరా ఉందేమో చూడండి. ఒక ప్రొఫెసర్ సరేనన్నది ఇంకొకరు ఒప్పుకోకపోవచ్చు.

వాడిన సంగతి రాయడం

చాలామంది తడబడేది ఇక్కడే, రాస్తే మార్కులు తగ్గుతాయేమోనని. రాయకుండా దొరికితే తగ్గేవి మార్కులు మాత్రమే కాదు. ఏఐని సహరచయితగా పెట్టకండి, రాసినదానికి అది బాధ్యత తీసుకోలేదు కాబట్టి జర్నళ్లు ఒప్పుకోవు. కృతజ్ఞతల పేజీ తర్వాతో, మెథడ్ చాప్టర్లోనో, గైడ్ చెప్పినచోట ఇలాంటిది పెట్టండి:

"ఈ రిపోర్టులో 2, 3 అధ్యాయాల వ్యాకరణ దోషాలు సరిచూసుకోవడానికి, డేటా శుభ్రపరిచే కోడ్‌లో లోపాలు వెతకడానికి చాట్‌జీపీటీ వాడాం. అధ్యయనాల ఎంపిక, విశ్లేషణ, ఫలితాలు, ముగింపు మావి. ఏఐ సూచించిన ప్రతి మార్పునూ మేమే పరిశీలించాం."

ఏ టూల్, ఏ పనికి, ఎక్కడ, అంతవరకే. గొప్పలొద్దు, క్షమాపణలొద్దు. అందులో రాసింది నిజమై ఉండాలి. ముగింపు కూడా దాని చేతే రాయించి ఈ పేరా పెడితే, కాపీకి అబద్ధం కూడా తోడవుతుంది.

ఇదంతా చదివేసరికి మీ స్పైరల్ బైండింగ్ అయిపోయి, సగం రిపోర్టు కాపీ అని ఇప్పుడే గుర్తొస్తే, సబ్మిషన్‌కి ముందే గైడ్ దగ్గరికి వెళ్లండి. "సార్, రెండో చాప్టర్ నాది కాదు, వారం టైమివ్వండి, మళ్లీ రాస్తాను" అని చెప్పండి. తిట్లు పడతాయి. నాకూ పడ్డాయి, తర్వాత ఆయనే ఎదురుగా కుర్చీ చూపించి, ఒక తెల్లకాగితం ఇచ్చి, పేపర్లన్నీ తన సొరుగులో పెట్టి తాళం వేసి, "ఇప్పుడు రోబస్ట్ అంటే ఏంటో రాయి" అన్నారు.